జనరేటర్ లేని పెత్రమాస

పెత్రమాస నాడు పెద్దలకు పెట్టిన కూడు కాకి ముట్టకపోతే పోయినవాళ్ళు అలిగినట్టే అంటుంది మా అత్తమ్మ కిష్టమ్మ. నిరుడు మా మామ ఎల్లేశం పేరున పడవ మీద పెట్టిన కొర్రమీను పులుసు పొద్దుగూకేదాకా అక్కడే ఎండిపోయింది. ఆనాటి నుంచి అత్తమ్మ చేప ముట్టలేదు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, చేపలు పట్టే ఇంటికే కోడలిగా వచ్చిన మనిషి ఏడాదిగా పప్పుచారుతో తింటుంటే నాకు కోపమూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

మామ ఉన్నన్నాళ్ళూ పులుసు ఇంట్లో వండనిచ్చేవాడు కాదు. చెరువు మీద, తన పడవలో, వత్తుల స్టవ్ మీద తానే వండేవాడు. గరిటె ముట్టనివ్వడు. పడవ ఊగుతుంటే పులుసు దానంతటదే కలుస్తుందట. అప్పుడు అవతలి గట్టున రాళ్ళగుట్టలుండేవి. ఇప్పుడు అద్దాల ఆఫీసులు నిలబడి నీళ్ళలో ముఖాలు చూసుకుంటున్నాయి. పెళ్ళైన కొత్తలో ఆ పడవలో కూర్చుని తిన్న పులుసు తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది.

మా ఆయన దినేశ్ ఆ పడవ తీసేసి పెద్దది కొన్నాడు. శనివారాలు ఆఫీసులవాళ్ళు వచ్చి చెరువు మీద భోంచేసి పోతారు. కరెంటు పొయ్యిలకూ, చలికాలం హీటరుకూ కలిపి ఒకటే జనరేటరు. అది మొదలైతే పక్కనున్న మొగుడి మాట కూడా వినపడదు. కొన్నిసార్లు అదీ మేలే అనుకోండి. నిరుడు పెత్రమాస వంట దాని మీదే అయింది. ఆ మోతకూ, ఆ పొగకూ కాకి ఎట్లా వస్తుందని నేను ఎంత మొత్తుకున్నా అత్తమ్మ వినలేదు. మీ మామకు మన మీద మనసు విరిగిందని ఒకటే మాట.

ఈసారి ముందే దినేశ్‌ను పోరి పోరి గ్యాస్ బండ పెట్టించాను. గ్యాస్ గాలికంటే బరువు, కారితే పడవ అడుగున చేరి కూర్చుంటుందని అతనికి భయం. అందుకని బండను పడవ వెనక, గాలాడేచోట బిగించాడు. వంట కాగానే గ్యాస్ కట్టేసే పని నాకు అప్పజెప్పాడు.

పెత్రమాస పొద్దున పడవను కట్టకు కట్టేసి పొయ్యి వెలిగించాం. పడవ పక్కలకు నీళ్ళు తగిలే చప్పుడు ఎన్నేళ్ళకో విన్నాను. పులుసు ఉడుకుతుంటే అత్తమ్మ చెయ్యి గరిటె దాకా పోయి వెనక్కి వచ్చింది. విస్తరిలో అన్నం, తలకాయ, తోక ముక్క పెట్టి, ముగ్గురం కట్ట మీదికి తప్పుకున్నాం.

కాకి వచ్చింది. అటూ ఇటూ చూసి తోక ముక్క కరుచుకుని ఎగిరిపోయింది. తలకాయ జోలికి పోలేదు. సగమే ముట్టిందని అత్తమ్మ మళ్ళీ ఎక్కడ మొదలుపెడుతుందోనని ఆమె ముఖంలోకి చూశాను.

ఆమె పడవెక్కి, విస్తరి ముందు పెట్టుకుని కూర్చుంది. తలకాయను అన్నంలో కలుపుతూ నా వైపు చూసింది.

"తలకాయ ఎన్నడూ నాకే ఇడిచెటోడు బిడ్డా," అని, ఏడాది తర్వాత చేప ముద్ద నోట్లో పెట్టుకుంది.