రెండు బేరింగులు

బేరింగును వేలికి తొడిగి, రెండో చేత్తో ఒక్కసారి తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నాడు జెట్టు. చుట్టూ మిషన్లు రొద పెడుతున్నా అతనికి కావలసిన చప్పుడు వినబడింది. ఎక్కడో ఒకచోట, సన్నగా, గుండు తట్టుకుంటోంది. దాన్ని తుక్కు డబ్బాలో పడేసి రెండోది తొడుక్కున్నాడు.

రెండూ పింగాణీ గుండ్లవే. పాత గ్రైండింగ్ మిషను విప్పినప్పుడు స్టోర్ కీపర్ని బతిమాలి తెచ్చుకున్నాడు. ఇంటి పెరట్లో అతను తయారుచేస్తున్న ఇంజను చెంబంత ఉంటుంది. లోపల గ్యాసు మండితే ఆ వేడిగాలికి చక్రం తిరగాలి, విమానం ఇంజనులో తిరిగినట్టే. జెట్టు అన్న పేరు షెడ్డువాళ్ళు అందుకే పెట్టారు. ఉక్కు బేరింగులు వేసినప్పుడల్లా ఆ వేడికీ వేగానికీ మాడి బిగుసుకుపోయాయి. మంట పక్కనుండే చోటికి పింగాణీదే కావాలి.

నీళ్ళ మోటార్లు బాగుచేసే ఆ షెడ్డులో జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాడు. ఇప్పుడు ఒక భుజం కిందికి జారింది. గోళ్ళ సందుల్లో గ్రీజు ఎంత తోమినా పోదు. పెళ్ళి కాలేదు, అన్న ఇంట్లోనే ఉంటాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అందుకే అందరూ అతన్ని అంటారు.

"ఏం జెట్టూ, ఇంతకీ ఎగిరేదెప్పుడు?" అన్నాడు పక్క మిషను మీది టర్నరు.

"ఎగరదు. తిరుగుతుంది."

"తిరగడానికైతే మా ఇంట్లో ఫ్యానుందిగా!"

షెడ్డంతా నవ్వింది. జెట్టు కూడా నవ్వాడు. రెండో బేరింగు ఎక్కడా తట్టుకోకుండా తిరిగి తిరిగి ఆగింది. దాన్ని గుడ్డముక్కలో చుట్టి బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

టర్నరు తుక్కు డబ్బాలోంచి మొదటిదాన్ని ఏరి గుడ్డలో చుట్టాడు. మంచిదాన్ని జేబులో వేసుకున్నాడు.

"అది కీచుమంటే వీడి మొహం చూడాలి సార్!"

ఫోర్‌మన్ నవ్వాపుకుంటూ చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

సాయంత్రం పెరట్లో జెట్టు గుడ్డ విప్పి బేరింగుకి నూనె పట్టించి ఇంజనులో బిగించాడు. వేలితో తిప్పాడు. నూనె వల్ల గుండు తట్టుకోవడం తెలియలేదు. పొద్దున స్వయంగా విని ఎంచిందే కదా అనుకున్నాడు.

వదిన గుమ్మంలో నిలబడింది. "మళ్ళీ మొదలెట్టావా? వీధి వీధంతా నన్ను ఆడిపోసుకుంటోందయ్యా."

"ఈ ఒక్కసారికీ వదినా. ఇదిగో దూది, చెవుల్లో పెట్టుకో."

"నీ ఈడువాళ్ళు పిల్లల పెళ్ళిళ్ళు చేస్తున్నారు. నువ్వేమో బొమ్మలతో ఆడుకుంటున్నావు." దూది కిటికీ గట్టు మీద పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

బ్లోయరుతో గాలి కొట్టి గ్యాసు వదిలాడు. ఇంజను మూలిగింది, ఈల వేసింది. బ్లోయరు తీసేశాడు. ఆగలేదు. తనంతట తానే తిరుగుతోంది.

"వదినా! తిరుగుతోందే!"

మోకాళ్ళ మీద కూర్చుని చెవి వంచాడు. ఆ ఈల అడుగున గుండు తట్టుకుంటున్న చప్పుడు వినబడింది. పొద్దుటిదే. పారేసిందే. ఇక్కడికెలా వచ్చిందో అతనికి అర్థం కాలేదు. చెయ్యి గ్యాసు మర మీదికి వెళ్ళేలోపే బేరింగు పట్టేసింది. చక్రం ముక్కలై, ఒక ముక్క ఇంజను రేకు చీల్చుకుని వచ్చి మెడలో దిగింది. అతను ఏదో గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా ముందుకు వంగి, మెల్లగా పక్కకి ఒరిగిపోయాడు.

మర్నాడు షెడ్డులో టర్నరు పెదాలు తడారిపోయాయి. "సరదాకి చేశాను సార్..."

"నోరు ముయ్. గ్యాసు సిలిండరు పేలిందనుకుంటున్నారు, అనుకోనీ. పెళ్ళాం పిల్లలు లేనోడు. అడిగేదెవరు?" అన్నాడు ఫోర్‌మన్.

టర్నరు మిషను స్విచ్చి వేశాడు.

వదిన పెరడు కడిగింది. ఇంజను ముక్కల్ని పాత ఇనుప సామానువాడికి వేసింది. కిటికీ గట్టు మీద దూది అలాగే ఉంది. చెవికి సరిపోయేలా చుట్టిన రెండు చిన్న ఉండలు, ఒక్కోదాని మీదా నల్లటి వేలిముద్ర.