నీడ మొక్కలు

వెల్డరు చేతిలో పడితే ఎంత మొండి ఇనుమైనా మాట వినేది. మొక్కల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయనకి ఓనమాలు రావు. అయినా ఆ ఎడారి ఊళ్లో, రోడ్డు మీద తారు మెత్తబడే ఎండల్లో, పెరట్లో తోట వేసి తీరాలని పట్టుపట్టాడు. కారణం కూతురు.

ఎనిమిదేళ్ల ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు. ఎండ నేరుగా తగిలిందంటే ఒళ్లంతా పొక్కిపోతుంది. దట్టమైన నీడలో, పొడుగు చేతుల చొక్కా వేసుకుని కూర్చోవచ్చంది డాక్టరమ్మ. చెప్పడానికేం, పెరట్లో నీడంటూ ఉంటేగా! సెలవులన్నీ కిటికీ ఊచలు పట్టుకుని పక్కింటి పిల్లల ఆట చూడడంతోనే సరిపోయేవి. ఒకరోజు ఆ పిల్ల, తండ్రి వెల్డింగు ముసుగు తగిలించుకుని గడప దాటి, దారి కనపడక ఇసుకలో బోర్లా పడింది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. వెల్డరూ నవ్వాడు గానీ, ఆ పూట ఆయనకి అన్నం సహించలేదు.

మర్నాడే నర్సరీకి వెళ్లి, "నీడ మొక్కలు కావాలమ్మా, మంచివి చూసి ఇవ్వండి" అని దర్జాగా అడిగాడు. నర్సరీ ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే ఒక మూల చూపించింది. చాటంత ఆకులు! ఆకే ఇంతుంటే నీడ ఇంకెంతుంటుందోనని మురిసిపోయి, బండి నిండా తెచ్చి పెరటి నట్టనడుమ నాటాడు. పూటపూటా చెంబుడు నీళ్లు పోశాడు. వారం తిరక్కుండానే ముట్టుకుంటే పొడి రాలింది.

అగ్గిమీద గుగ్గిలమవుతూ నర్సరీకి వెళ్లాడు. "నీడ మొక్కలడిగితే ఎండకి ఆగనివి అంటగడతారా?"

"అయ్యో నా మతి మండా! నీడ మొక్కలంటే నీడలో బతికేవండీ. మీక్కావలసింది నీడనిచ్చేవి. ఆ ముక్క ముందే చెప్పొద్దూ?"

"ఎందుకని మీరడగొద్దూ?"

ఇద్దరి మాటా నిజమే. ఎందుకో ఆయన చెప్పాక ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"మునగ ఇట్టే ఎదుగుతుంది గానీ, దాని నీడ జల్లెడలా ఉంటుంది, పాపకి చాలదు. వేప పెట్టండి. కాకపోతే అది గుబురుకొచ్చేసరికి పాప కాలేజీకెళ్తుంది. ఈలోగా కాగితంపూల తీగ వెయ్యండి. ఎండంటే దానికి ప్రాణం. పాకడానికి పందిరి మాత్రం గట్టిది కావాలి."

"పందిరా!" వెల్డరు మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లకి తనకి తెలిసిన మాట ఒకటి వినపడింది.

"ఇంకోటి. రోజూ చెంబుడు పోసి గారాబం చెయ్యకండి. మొక్క కుదురుకున్నాక వారానికోసారి గొయ్యి నిండా పొయ్యండి. వేరు నీళ్లు వెతుక్కుంటూ లోపలికి దిగాలి."

ఇంటికొచ్చేసరికి పిచ్చుక స్నానాలగదిలో ఉంది. ఎండినవాటిలో కాస్త పచ్చదనం మిగిలిన మొక్కనొకదాన్ని డబ్బాలో పెట్టుకుని నీళ్లు చిలకరిస్తోంది.

"చచ్చిందాన్ని ఎందుకే ఇంకా? పారెయ్" అంది తల్లి.

"చావలేదమ్మా. ఎండ దానికి పడకపోతే తప్పు దానిదా? నేనూ నీడ మొక్కనేగా."

డబ్బా అందుకోబోయిన తల్లి చెయ్యి వెనక్కి తీసుకుంది. గుమ్మంలోంచి విన్న వెల్డరు కొలత టేపు తీసుకుని పెరట్లోకి నడిచాడు. ఆ సాయంత్రమే పందిరికి పైపులు కొయ్యడం మొదలుపెట్టాడు.

మళ్లీ సెలవులొచ్చేసరికి తీగ పందిరంతా అల్లుకుంది. పక్కన వేప మోకాలెత్తుకొచ్చింది. పందిరి కింద చాప పట్టేంత నీడ, కటిక నలుపు. తీరా పిల్లని పందిరి కిందికి తీసుకెళ్దామనుకున్న రోజు వచ్చాక తల్లికి గుండెలు జారిపోయాయి. ఒకవేళ మళ్లీ పొక్కితే?

"ముందు దీన్ని పంపిద్దాం" అని పిచ్చుక తన డబ్బా మొక్కని ముందుకు తోసింది. "ఇది వాడకపోతే రేపు నేను."

వెల్డరు ఆ రోజు పనికి వెళ్లలేదు. డబ్బాని పందిరి కింద పెట్టి, ముగ్గురూ కిటికీ ఊచలు పట్టుకుని కూర్చున్నారు. ఆయన మాటిమాటికీ వెళ్లి ఆకు తడిమి వచ్చాడు. పొద్దు వాలేదాకా ఒక్క ఆకూ తల వంచలేదు.

మర్నాడు పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తండ్రి పట్టిన గొడుగు కింద పెరట్లోకి నడిచి, పిచ్చుక మొక్క పక్కన చాప మీద కూర్చుంది. తల్లి ఆ పిల్ల చేతులు తిప్పితిప్పి చూసింది. ఏమీ కాలేదు.

పక్కింటి పిల్లలు గోడ మీంచి తొంగి చూశారు. "ఆటకి రావే!"

"మీరే రండి. ఇక్కడ నీడుంది" అంది పిచ్చుక.

వెల్డరు గేటు తియ్యడానికి పరుగెత్తాడు.