మూసిన గేటు

మా ఎడారి దారుల్లో ఎదురుపడిన వాళ్లకు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తుతాం. ఎత్తనివాడు కొత్తవాడైనా అయ్యుండాలి, దొంగైనా అయ్యుండాలి.

దారి పక్కన తెల్ల ట్రక్కులో కూర్చున్న మనిషి ఎత్తలేదు. ఇంజను నడుస్తోంది. మా ఆయన మెర్విన్ వేగం తగ్గించి వేలెత్తితే, సీటుకు జారగిలబడి మా వైపు ఊరికే చూశాడు. బండి పాడైనట్టు నటించి ప్రయాణికులను దోచుకుంటున్నారని పెట్రోలు బంకులో విని ఇంకా రెండు రోజులు కాలేదు.

"ఆపకు, పోనీ," అన్నాను.

పది నిమిషాలకు వెనకాల దుమ్ము లేచింది. మేం వేగం పెంచితే పెంచాడు, తగ్గిస్తే తగ్గించాడు. లైట్లు కూడా కొట్టాడు. మెర్విన్ బండిలోని వైర్‌లెస్ రేడియోలో పిలిస్తే జవాబు లేదు.

"వాడి ట్రక్కులో రేడియో లేదేమో డల్సీ."

"వాడికి మంచితనం కూడా లేదేమో. నువ్వు ముందు చూసి నడుపు."

నాకు నిజంగానే భయం వేసింది. తరువాతి ఇల్లు నూట నలభై కిలోమీటర్ల అవతల. ఈ ఎండలో బండి, నీళ్లు పోతే ప్రాణం పోయినట్టే.

అంతలో పశువుల కంచె, గేటు వచ్చాయి. గేటు బార్లా తెరిచి ఉంది. దాటగానే దిగి మూశాను. గొలుసు వేసి, దాని మీద తీగ నాలుగు చుట్లు బిగించాను. ఇక రమ్మను చూద్దాం అనుకున్నాను.

ఇరవై కిలోమీటర్లు పోయాక చూస్తే వెనక దుమ్ము లేదు.

"పీడ పోయింది," అని మెర్విన్ ఈల వేశాడు.

నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. తెరిచిన గేటు తెరిచే వదలాలి, మూసినది మూసే వదలాలి అని మా నాన్న బెల్టుతో నేర్పాడు. నీళ్ల తొట్టి ఉన్నది గేటుకు ఇవతల, ఆవులున్నది అవతల.

"వెనక్కి తిప్పు."

"వాడక్కడే ఉంటే? నీకు ఆవులు ముఖ్యమా, నేనా?"

"ఆవులు ఈల వెయ్యవు. తిప్పు."

అతను అక్కడే ఉన్నాడు, గేటుకు అవతల, ట్రక్కు నీడలో కూలబడి. గేటుకు ఆనుకుని ఆవులు నీళ్ల కోసం నిలబడి ఉన్నాయి. కుడి చేతికి చుట్టిన చొక్కా రక్తంతో నల్లగా గట్టిపడింది. తీగ మీదా రక్తమే. ఎడమ చేత్తో, పళ్లతో రెండు చుట్లు విప్పగలిగాడు.

"టైరు మార్చి బండి దింపుతుంటే జాకీ జారిందమ్మా," అన్నాడు. "కళ్లు తిరుగుతున్నాయి. దారిలో పడిపోతే చూస్తారని మీ వెనకే వచ్చాను."

"వేలెందుకు ఎత్తలేదయ్యా?" అన్నాడు మెర్విన్, బుద్ధి లేకుండా.

"ఎడమ చేత్తో రక్తం ఆపుతున్నా. ఈ చేత్తో ఎత్తడానికి వేళ్లు ఉండాలిగా."

మెర్విన్ తల దించుకుని నీళ్లు తేవడానికి పోయాడు. అతను గేటు వైపు చూశాడు.

"ఆవులు నీళ్లకు పోవాలని పొద్దున దీన్ని తెరిచింది నేనే. మీ దుమ్ములో సరిగా చూడలేదు గానీ, ఎవరో కొత్తవాళ్లు మూసుంటారు. ఇక్కడి వాళ్లయితే మూయరు."

నేను పుట్టింది ఈ నేల మీదే. సిగ్గుతో చచ్చిపోయాను.

"నేనే మూశాను," అన్నాను.



"అయితే ముందది తెరువమ్మా," అన్నాడు. "ఆవులు నాకంటే ముందు నుంచి నిలబడి ఉన్నాయి."