వంగే వంతు

ఎదురుగా ఉండి కూడా పలకనివాళ్ళు మన మాట వింటున్నట్టా, విననట్టా, ఈ సందేహం ఆమెను ఏళ్ళుగా వదలదు, పొద్దున్నే దేవుడి ముందు చేతులు జోడించి చెప్పుకోవలసినవన్నీ చెప్పుకుని లేస్తుంది, అటునుంచి ఉలుకూ పలుకూ ఉండదు, వింటే ఊఁ అనొచ్చు కదా స్వామీ అనుకుంటుంది, వెంటనే తప్పు తప్పని లెంపలు వేసుకుంటుంది, ఇప్పుడు ఆసుపత్రి లాండ్రీలోకి మెట్లు దిగుతూ కూడా అదే ఆలోచన, పైగా ఇవాళ వినే పని తనమీదే పడింది, సూపర్‌వైజరంటే దుప్పట్లు చూసుకోవడమే అనుకుంది గాని మనుషుల మనసులు కూడా చూసుకోవాలని మొన్నటి శిక్షణ తరగతికి వెళ్ళేదాకా తెలియలేదు, కళ్ళజోడాయన తెరమీద బొమ్మలు చూపించాడు, సలహా ఇవ్వకండి, తీర్పు చెప్పకండి, అవతలివాళ్ళ మాటనే తిరిగి వాళ్ళకు అప్పజెప్పండి, మౌనానికి భయపడకండి, అన్నీ బాగానే ఉన్నాయి, అవతల ఉన్నది ఇస్త్రీ పెద్దమ్మ అయితే ఏం చేయాలో మాత్రం ఆ బొమ్మల్లో లేదు.

పెద్దమ్మ ఈమధ్య దుప్పట్లు మాడుస్తోంది, మేనేజరు ఒకదాన్ని విప్పి, మాడిన చిల్లులోంచి తనవైపు చూస్తూ, కిటికీలు కూడా కుడుతున్నారా మీరు, అని వెటకారం చేశాడు, సాయంత్రంలోగా నువ్వే మాట్లాడి తేల్చు, తేలకపోతే ముసలామెను మాసిన గుడ్డల గదికి పంపేస్తాను అన్నాడు, ఆ గదంటే నెత్తురు, చీము, వాంతులు, ఈ వయసులో అక్కడికి పంపితే నాలుగు రోజుల్లో ఆవిడే పని మానుకుంటుంది, ఆయనకు కావలసింది అదేనేమో, పెద్దమ్మ తనకు పని నేర్పిన మనిషి, గుడ్డ పూర్తిగా ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడటం చెప్పిన మనిషి, ఆవిడకు తను కౌన్సెలింగ్ చేయడమా, గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టు.

నేర్చుకున్నట్టే కుర్చీ కాస్త పక్కకు తిప్పుకుని కూర్చుని, ఈమధ్య మీకెలా అనిపిస్తోంది, అంది, పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎవరే ఆ మీరు, నా వెనకాల ఎవరన్నా నిలబడ్డారా, అంది, అది కాదు పెద్దమ్మా, నీకెలా అనిపిస్తోందని, ఏమనిపిస్తుంది, ఉక్కగా అనిపిస్తోంది, అంటే నీకు ఉక్కగా ఉందంటున్నావు, అవునే, అదే కదా ఇప్పుడు చెప్పాను, చెవుడొచ్చిందా నీకు, ఇక్కడికి బొమ్మలన్నీ అయిపోయాయి, మౌనం ఒక్కటే మిగిలింది, భయపడకుండా కూర్చుంది, ఉతికే యంత్రాలు గుర్రుమంటున్నాయి, భయం వేసింది, ఇది వినడమా, ఏమీ తోచకపోవడమా, పైకి రెండూ ఒకలాగే ఉంటాయి కదా, పోనీ కళ్ళు చూపించుకో పెద్దమ్మా అంటే అది సలహా, జాగ్రత్తగా ఉండు అంటే అది తీర్పు, నోటిదాకా వచ్చిన మాటలన్నీ మింగేసింది, చివరికి పెద్దమ్మే లేచింది, ఇద్దరం దిష్టిబొమ్మల్లా కూర్చుంటే ఈ దుప్పట్ల గుట్ట తరుగుతుందా, పట్టు ఆ కొస, అంది.

పట్టుకుంది, పెద్ద దుప్పటి ఇద్దరు పట్టందే మడత పడదు, ఎదురెదురుగా నిలబడి సాగదీసి, దగ్గరకు నడిచి, అంచులన్నీ ఒకరి చేతికిచ్చి, రెండోవాళ్ళు వంగి కిందికి వేలాడే మడతను అందుకోవాలి, వంగడం వంతులవారీగా, అందరివీ నొప్పుల నడుములే గనక ఇక్కడ వంతు తప్పితే పోట్లాటే, కడుపులో బిడ్డ పోయాక తను మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు కూడా ఇలాగే, దేవుడి దయ లేదన్నారొకరు, ఇంకా వయసుందిలే అన్నారొకరు, పెద్దమ్మ మాత్రం పట్టు అంది, అంతే, పొద్దుగూకేదాకా మడిచారు, తను ఏడుస్తూనే ఉంది, తన వంతులన్నీ పెద్దమ్మే వంగింది, వెళ్ళేటప్పుడు వంగే వంతులు నీకు బాకీ పెద్దమ్మా అంటే, తీరుద్దువులేవే అని చెప్పులు తొడుక్కుంది, ఆ రోజు తన ఏడుపు విన్నదా, పని సాగితే చాలని పట్టుకుందా, ఇన్నేళ్ళలో అడగనే లేదు.

మా అక్క నన్ను గుర్తుపట్టట్లేదే, అంది పెద్దమ్మ దుప్పటి అవతలినుంచి, మొహం కనబడలేదు, నన్ను పట్టుకుని అమ్మా అంటోంది, ఇంట్లో ఉండేది మేమిద్దరమే కదా, రాత్రంతా అమ్మా ఆకలి, అమ్మా భయం, నేను అమ్మను కాదే అంటే వెక్కి వెక్కి ఏడుస్తోంది, ఇక లాభం లేదని అమ్మనైపోయాను, నన్ను ఎత్తుకు తిప్పినదాన్ని నేను జోకొడుతున్నాను, నాకు నిద్రెక్కడిది, ఇక్కడికొస్తే ఇస్త్రీ వెచ్చదనానికి కన్ను మూతబడుతోంది, దీనికి తను ఇప్పుడేమనాలి, అమ్మనైపోయానంటున్నావు అని అప్పజెప్పాలా, ఛీ, చేతిలో కొసను గట్టిగా పట్టుకుంది, మరేం చేద్దాం పెద్దమ్మా, అన్న మాట దానంతటదే వచ్చింది, ఏముందే, నన్ను మడత పనికి వేయి, అవతల ఒకరు లాగుతుంటే నిద్రెలా పడుతుంది, ఇప్పుడు మడత వేస్తున్న పడుచువాళ్ళను ఇస్త్రీ దగ్గర నిలబెట్టు, అంది, ఇంత సులువా, తను బుర్ర బద్దలు కొట్టుకున్నది ఆవిడ దగ్గర సిద్ధంగా ఉంది, మేనేజరు తేల్చమన్నది తననే కదా, తేలింది, రేపటినుంచి నువ్వు మడతే, నేను చెబుతాను ఆయనకు, అంది.

నేను ఏడ్చిన రోజున ఒక్క మాటా అనలేదెందుకు పెద్దమ్మా, అని కూడా అడిగేసింది, పెద్దమ్మ నవ్వింది, ఏమనాలో తెలిస్తే అననా, తెలియకే కదా కొస పట్టుకుని నిలబడ్డాను, ఏమీ తోచలేదే ఆ రోజు నాకు, అంది, అయితే ఏమీ తోచకపోవడమూ వినడమూ ఒకటే కావచ్చునా, వదలకుండా పట్టుకుని ఉంటే, పొద్దున పలకని ఆ స్వామి కూడా అవతలి కొస పట్టుకునే ఉన్నాడా, ఏమో, దుప్పటి బిగువుగా ఉంటే అవతల మనిషి ఉన్నట్టే కదా, అంచులు కలిశాయి, పెద్దమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని వంగబోయింది, ఆగు, నా వంతు, అంది తను, ఇందాకా నువ్వే వంగావు కదే, ఇదీ నాదే పెద్దమ్మా, గుట్ట అయ్యేదాకా నాదే, పెద్దమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, గుర్తుందన్నమాట, అంది, ఆమె రెండు చేతులూ చాచి వంగింది.