పిలుపందని కత్తులు

హ్వాత్ మేస్త్రీ కొలిమి రోజూ పొద్దున ఏడింటికి రాజుకుంటుంది. ముందు బొగ్గు పోసిన చప్పుడు, తర్వాత గాలి పంకా మోత, ఆ తర్వాత మేస్త్రీ దగ్గు. ఈ మూడూ వరసగా వినబడితేనే ఆ వీధి ఆడవాళ్ళు గంజి పొయ్యి మీద పెడతారు. కిన్మెన్ దీవిలో ఇనుముకు కరువు లేదు. యుద్ధం రోజుల్లో సముద్రానికి అవతలి ఒడ్డు వాళ్ళు ఇరవై ఏళ్ళు బేసి తేదీల్లో ఫిరంగులు పేల్చి, సరి తేదీల్లో విశ్రాంతి తీసుకున్నారు. ఆ గుండ్ల గుల్లలు జొన్నచేలల్లో, పెరళ్ళలో, ఆల్చిప్పలు పెంచే బురదలో ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. ఇప్పుడు ఆ ఒడ్డు వాళ్ళే పడవెక్కి వచ్చి, తాము విసిరిన ఇనుమును కత్తులుగా కొనుక్కుని మురిసిపోతూ వెళ్తున్నారు.

గుల్లను ముక్కలుగా కోసి ఒక్కో ముక్కా కాల్చి కత్తి సాగదీస్తారు. చాలా ముక్కలకు నోరుండదు. మనిషిని చంపిన ముక్క మాత్రం ఎర్రబడగానే ఆ మనిషి పేరు ఒక్కసారి చెబుతుంది. అప్పుడు మేస్త్రీ సుత్తి దించి, "వచ్చేయ్, అన్నం చల్లారిపోతోంది" అని పిలుస్తాడు. పిలుపు అందుకున్న ఇనుము మరి నోరెత్తదు. ఆ కత్తిని అమ్మరు. పేరు గలవాళ్ళ ఇంటివాళ్ళకు కబురు పెట్టి, వాళ్ళ ముందే మేస్త్రీ దాన్ని తన ముంజేతి మీద గట్టిగా గీసి చూపిస్తాడు. అది చేపను కోస్తుంది, ఎముకను నరుకుతుంది, మనిషి చర్మాన్ని మాత్రం ముట్టదు. ఇంటివాళ్ళు దాన్ని బట్టలో చుట్టుకుని తీసుకుపోతారు. ఏడుపులూ ఉంటాయి, టీలూ ఉంటాయి.

సియోక్‌లాన్ ఆ కొలిమిలో చేరి ఏడేళ్ళయింది. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఆరు నెలల్లోనే ఆమె పని చూసి మేస్త్రీకి ఒళ్ళు జలదరించింది. ఆమెకు ఇనుము కాలక్కర్లేదు. చల్లటి గుల్ల మీద చెయ్యి వేసి, "ఇందులో ఒక ముసలాయన ఉన్నాడు, మేస్త్రీ" అనేది. కాల్చి చూస్తే నిజంగానే ముసలాయన పేరు పలికేది.

"నేను నలభై ఏళ్ళు కొలిమి ముందు చెవి కాల్చుకున్నాను, పిల్లా. నీకు పుట్టుకతోనే వచ్చింది. నాకు కుళ్ళు," అనేవాడు మేస్త్రీ నవ్వుతూ.

ఆమె ఈ పనిలో చేరింది ఒకే ఒక పేరు కోసం. తండ్రి ఆల్చిప్పల రైతు. ఆమె తల్లి కడుపులో ఉండగా మార్చి ముప్పై ఒకటిన గుండ్లు పడ్డాయి. మర్నాడు, ఆ దీవిలో అందరూ పడే పొరపాటే ఆయనా పడ్డాడు. నిన్న పేల్చారు కదా, ఇవాళ పేల్చరనుకున్నాడు. ముప్పై ఒకటి తర్వాత ఒకటో తేదీ వస్తుందని, అదీ బేసేనని మరిచి, సాయంత్రం సముద్రం వెనక్కి తగ్గే ఆటు చూసుకుని గోకుడుపార పట్టుకుని బురదలోకి దిగాడు. ప్రచార కరపత్రాలు వెదజల్లే గుండొకటి గాలిలో విచ్చుకుంది. కాగితాలు మెల్లగా దిగాయి. ఇనుము మెల్లగా దిగలేదు. దవడ నుంచి పక్కటెముకల దాకా చీలిపోయిన ఆ మనిషిని నలుగురు తలుపు చెక్క మీద మోసుకొచ్చారు.

ఏడేళ్ళలో సియోక్‌లాన్ దీవిలోని గుల్లల గుట్టలన్నీ తడిమింది. నూట పదకొండు పేర్లు దొరికాయి. తండ్రి పేరు దొరకలేదు.

పోయిన చలికాలం మేస్త్రీ దగ్గుతో మంచాన పడ్డ రోజు, ఆమె కాల్చిన ముక్క ఒక పిల్లాడి పేరు చెప్పింది. ఆమె నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది. అందరి వాళ్ళూ ఇళ్ళకు చేరుతున్నారు, మా నాన్న ఒక్కడే బురదలో ఉన్నాడు, నేనెందుకు పిలవాలి అనుకుంది. పిలవకుండానే సాగదీసి నీళ్ళలో ముంచింది. నీళ్ళు బుసబుసా పొంగాయి. పిడి బిగించి పట్టుకుంటే కత్తి గొలుసుకు కట్టిన కుక్కలా ముందుకు గుంజింది. అంత పదును ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ వాడి తన చేతి నుంచి వచ్చిందనే గర్వం ఒంట్లో సారా మాదిరి పాకింది. సిగ్గుపడాల్సిన చోట ఆమెకు సంతోషం వేసింది. అదీ మొదటి మెట్టు.

ఆ కత్తిని పందిమాంసం కొట్టు ఆ-టియోక్‌కు అమ్మింది. నాలుగు రోజులకు అతను బొటనవేలు లేని చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు.

"తిట్టడానికి వచ్చావా?" అంది.

"తిట్టడమేమిటమ్మా! తొడ ఎముక టోఫూలా తెగుతోంది. వేలు పోయిందని నాకు తెలిసేసరికి బేరం కూడా అయిపోయింది. ఇలాంటిది ఇంకోటి చెయ్యి."

"వేళ్ళు ఇంకా తొమ్మిదున్నాయనా?"

అతను పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత మేస్త్రీ కళ్ళుగప్పి ఇంకో ఏడు చేసింది. వాటిని అమ్మబుద్ధి కాలేదు. గోనెలో చుట్టి బొగ్గుల కింద దాచి, రోజుకోసారి తీసి చేతిలో పట్టుకుని, గుంజుతుంటే చూసి మురిసేది. వాటి గుసగుస ఆమె చెవికి తీయగా ఉండేది.

పోయినవాళ్ళు ఇళ్ళకు తిరిగొచ్చే దెయ్యాల నెల మొదలవడానికి వారం ముందు ఆ-టియోక్‌కూ సొంత అన్నకూ పేగుల బుట్ట దగ్గర మాటా మాటా పెరిగింది. రోజూ పెరిగేదే, రోజూ తగ్గేదే. ఆ రోజు మాత్రం కత్తి లేచింది. నేను లేపలేదు, అదే లేచింది అని ఆ-టియోక్ తర్వాత పోలీసుల ముందు నెత్తి బాదుకున్నాడు. అన్న గొంతు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తెగింది. బల్ల మీద పంది రక్తమూ మనిషి రక్తమూ కలిసి కాలవలోకి పారాయి. కబురు కొలిమికి చేరినప్పుడు సియోక్‌లాన్ కత్తికి సానపెడుతోంది. ఒకే వేటా అని మాత్రం అడిగింది. అవునన్నారు. ఆమె మళ్ళీ సాన అందుకుంది.

మేస్త్రీ ఆమె మొహం వైపు చూశాడు. ఆమె చూపు పోయిన బొగ్గుల గుట్ట దగ్గరికి వెళ్ళి, పార పక్కన పడేసి, చేతులతోనే తవ్వాడు.

ఆ పొద్దునే సియోక్‌లాన్ తల్లి ఆ-గిమ్ ఏటా తెచ్చినట్టే తన పాత కూరకత్తిని పదునుకు ఇచ్చి, మధ్యాహ్నం వస్తానని వెళ్ళింది. ఆ కత్తిని మేస్త్రీ ఎప్పుడూ తనే నూరతాడు, సియోక్‌లాన్‌ను ముట్టనివ్వడు. అది సానరాయి మీద తడిగా ఉంది.

మేస్త్రీ గోనె విప్పాడు. ఏడు కత్తులు సుత్తిదెబ్బలు తినే దాగలి మీద గలగలలాడాయి.

"ఎవరు వీళ్ళు?"

ఆమె ఏడు పేర్లూ తడుముకోకుండా చెప్పింది.

"పేర్లు తెలిసి కూడా పిలవలేదా? నువ్వు మనిషివేనా?"

"మా నాన్న దొరికాక పిలుస్తాను."

మేస్త్రీ పెదవులు కదిలాయి. ఏదో చెప్పబోయి మింగేశాడు. ఆ మింగడం చూసి ఆమెకు మండింది.

"చెప్పండి! దొరకడనే కదా మీరనేది? ఏడేళ్ళుగా మీ బొగ్గు మోయించుకున్నారు. నా చెవితో మీరు పేరు తెచ్చుకున్నారు. మీకంటే నాకే ఎక్కువ వచ్చు, అదే మీ కడుపుమంట."

"ఎక్కువే వచ్చు. కొలిమిలో పెట్టు, ఒక్కొక్కరినే పిలువు. లేకపోతే నేనే పిలుస్తాను," అంటూ మేస్త్రీ ఒక కత్తి మీద చెయ్యి వేశాడు.

"అవి నావి!"

ఆమె ఇంకో కత్తి అందుకుంది. అది ఎప్పటినుంచో ఎదురు చూస్తున్నట్టు లేచింది. మేస్త్రీ కుడిచేతి నాలుగు వేళ్ళూ దాగలి మీద రాలిపడ్డాయి. కత్తి అంతటితో ఆగక దాగలి పక్క మొద్దులోకి పిడి దాకా దిగిపోయింది. మేస్త్రీ అరవలేదు. చేతిని కడుపులోకి అదుముకుని మోకాళ్ళ మీద కూలాడు. రక్తం నిప్పుల మీద పడి చుయ్యిమంది. ఆ వాసనకు ఆమె తల తిరిగింది, భయంతో కాదు, ఆకలితో. ఇంకా కావాలనిపించింది. మొద్దులోని కత్తి ఊడి రాలేదు. చేతికందింది సానరాయి మీది కూరకత్తి. దాన్ని రెండు చేతులా ఎత్తి, వంగి ఉన్న మేస్త్రీ మెడ మీద బలంకొద్దీ నరికింది.

తెగలేదు.

మళ్ళీ నరికింది. మూడోసారి కేక పెట్టి నరికింది. అప్పుడే సానబెట్టిన అంచు ముసలి చర్మం మీద చెక్క గరిటెలా తగిలి ఆగిపోయింది. మెడ కమిలింది తప్ప ఒక్క చుక్క రక్తం రాలేదు.

సియోక్‌లాన్ చేతులు గాలిలోనే నిలిచిపోయాయి. మామూలు ఇనుమైతే తెగాలి. పిలవని ఇనుమైతే తల కింద పడాలి. పిలిచిన కత్తి పేరు గలవాళ్ళ ఇంటికే వెళ్తుంది, మరెక్కడికీ వెళ్ళదు. ఈ కత్తి ఆమె పుట్టినప్పటి నుంచీ వాళ్ళ ఇంట్లోనే ఉంది. దీనితోనే అమ్మ ఆమెకు గంజిలోకి ముల్లంగి తరిగేది. ఇన్నేళ్ళలో అమ్మ వేలికి ఒక్క గాటు పడ్డట్టు గుర్తు లేదు.

"ఇక చాలు, పిల్లా," అన్నాడు మేస్త్రీ నేల చూస్తూనే. "మీ నాన్న వద్దంటున్నాడు."

కత్తి జారిపోకుండా ఆమె రొమ్ముకు అదుముకుంది. ఏడేళ్ళూ ఏ ఇనుమునైనా వినగలిగిన చెవికి అందులోంచి ఏమీ వినిపించలేదు. వచ్చి కూర్చుని, తిని, పడుకున్న మనిషి ఏం మాట్లాడతాడు? ఆమె నేల మీద కూలబడి పసిపిల్లలా ఏడ్చింది.

"నువ్వు పుట్టకముందే పిలిచాను. మీ నాన్నను చంపిన ఇనుముతోనే నీ తిండి తరుగుతున్న సంగతి నీకు తెలియనివ్వొద్దని మీ అమ్మ ఒట్టు వేయించుకుంది. నువ్వు నా గడప తొక్కిన రోజే ఒట్టు గట్టున పెట్టి చెప్పాల్సింది. నీ చెవి మీద ఆశతో ఊరుకున్నాను. ఆ తప్పు నాది." మేస్త్రీ పళ్ళు బిగించాడు. "ముందు చెయ్యి కట్టు. చచ్చేలా ఉన్నాను."

ఆమె తన చొక్కా చింపి కట్టు కట్టింది. ఆస్పత్రికి పరిగెడతానంటే మేస్త్రీ ఎడమచేత్తో ఆపాడు. "ముందు వాళ్ళు," అన్నాడు. ఆమె ఏడు కత్తులూ కొలిమిలో పెట్టింది, మొద్దులోది పెకలించి మరీ. ఒక్కొక్కటే ఎర్రబడింది. ఒక్కొక్కరినే పేరు పెట్టి, వచ్చేయ్, అన్నం చల్లారిపోతోంది అని పిలిచింది. ఏడోది నీళ్ళలో చల్లబడేసరికి గొంతు పోయింది. ఎనిమిదోది పోలీస్ స్టేషన్‌లో ఉంది. దాని వెనకే తనూ వెళ్ళాలని, వెళ్ళి చేసిందంతా చెప్పాలని ఆమెకు తెలుసు.

మేస్త్రీని ఆస్పత్రి బండి ఎక్కిస్తుంటే ఆ-గిమ్ వచ్చింది. రక్తం చూసింది, దాగలి చూసింది, కూతురి చేతిలో తన కూరకత్తి చూసింది.

"అమ్మా, నాన్న ఇంటికొచ్చింది ఏ తేదీన?"

ఆ-గిమ్ కూతురి చేతిలోంచి కత్తి తీసుకుని చొక్కా అంచుతో తుడిచింది.

"పద్దెనిమిదిన," అంది. "సరి రోజు. గుండ్ల భయం లేక దారి పొడుగునా తల వంచుకోకుండా నడిచొచ్చాం."