ఆరంగుళాల డ్రైవరు

ముసుగు తీయడానికి ఒక పద్ధతి ఉంది. వెనకనుంచి మొదలుపెట్టి, రెండు చేతులతో మడుస్తూ ముందుకు రావాలి. ఈడ్చకూడదు. ఈడిస్తే గుడ్డకు పట్టిన దుమ్ము కారు రంగు మీద సన్నటి గీతలు పెడుతుంది. డ్రైవరు అలా మడుస్తూ ముందు చక్రాల దాకా వచ్చి, ముసుగును బల్ల మీద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని కారు కిందికి చూశాడు. రోజూ చూస్తాడు. రోజూ నేల మీది తెల్లటి పలకలు తప్ప ఏమీ కనిపించవు. ఇవాళ వెనకవైపు, ఇంజను కింద, చొక్కా గుండీ అంత నల్లటి చుక్క కనిపించింది.

పక్కకు పడుకుని చెయ్యి చాపి వేలితో ముట్టుకున్నాడు. వాసన చూశాడు. ఇంజనాయిలు.

"చంపారు," అన్నాడు పైకే. షెడ్డులో వినేవాళ్లెవరూ లేరు. "కూర్చోబెట్టి చంపారు."

ముదురు నీలం కారు అది. ఇద్దరికే చోటు. పక్కన నిలబడితే పైకప్పు నడుం దాకా వస్తుంది. ఇంజను సీట్ల వెనక ఉంటుంది. స్పీడు చూపించే ముల్లు మూడువందల ఇరవై దాకా పోవచ్చని అంకెలు వేసి ఉన్నాయి. కొని తొమ్మిదేళ్లయింది. మీటరు మీద నాలుగువందల పన్నెండు కిలోమీటర్లు ఉన్నాయి, అవి కూడా కొన్న మొదటి నెలలో తిరిగినవే. ఆ తరవాత ఈ కారుకు తెలిసిన లోకమల్లా నాలుగు గోడలూ, రెండు ట్యూబులైట్లూ, ఒక డ్రైవరూ.

అతను చేసే ఉద్యోగం ఇది. పొద్దున్నే ముసుగు తీయాలి. మెత్తటి గుడ్డతో తుడవాలి. ఇంజను స్టార్టు చేసి, గడియారం చూసి అయిదు నిమిషాలకు ఆపాలి. తరవాత కారును ఒకరోజు ఆరంగుళాలు ముందుకు, మర్నాడు ఆరంగుళాలు వెనక్కి జరపాలి. ఒకేచోట నిలబడితే టైర్లు కిందివైపు చదునైపోతాయి కాబట్టి ఈ జరపడం. కారు యజమాని ఇంటి వంటావిడ అతనికి ఆరంగుళాల డ్రైవరని పేరు పెట్టింది. పేరు పెట్టిందే కాదు, గేటు దగ్గర కూరగాయల బండివాడికి కూడా నేర్పింది. ఇంట్లో భార్య తక్కువదేం కాదు. బట్టల ఇస్త్రీ కేంద్రంలో రోజంతా నిలబడి వచ్చిన మనిషి, కాళ్లు చాపుకుని, "ఇవాళ ఎంత దూరం వెళ్లొచ్చావు?" అని అడుగుతుంది. మొదట్లో నవ్వేవాడు. ఒకరోజు ఊరికే ఉండక తొమ్మిదేళ్ల ఆరంగుళాలన్నీ కలిపి మనసులో లెక్క వేశాడు. అర కిలోమీటరు తేలింది. చంకన పిల్లనెత్తుకున్న ఆడమనిషి పది నిమిషాల్లో నడిచిపోయే దూరం. అప్పటినుంచి ఆ ప్రశ్నకు నవ్వడం మానేశాడు.

అంతకుముందు అతను నిజంగానే డ్రైవరు. పదిహేడేళ్లు ఈ ఇంటి యజమాని పెద్దాయనను తెల్లకారులో ఆయన పైపుల ఫ్యాక్టరీకి తీసుకెళ్లి తీసుకొచ్చాడు. వానలో, పొగమంచులో, సమ్మె రోజుల్లో కూడా బండి ఆపిందిలేదు. పెద్దాయన కూతురికి డ్రైవింగు నేర్పింది కూడా అతనే. పెద్దాయన ఫ్యాక్టరీని ఆ కూతురికి అప్పగించి ఇంట్లో కూర్చున్న ఏడు, చిన్నప్పటినుంచీ మనసు పడ్డ కారంటూ దీన్ని తెచ్చుకున్నాడు. ఆ నెలంతా ఆయనా డ్రైవరూ తిరిగారు. నెలాఖరున వీధి చివర స్పీడుబ్రేకరు దాటుతుంటే కారు కడుపు గీసుకుంది. అప్పుడు స్టీరింగు పట్టుకున్నది డ్రైవరే. గరగరమని ఆ చప్పుడు విని పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. కిందికి దిగి చూస్తే గీత జానెడు కూడా లేదు. అయినా ఇంటికొచ్చాక ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఇక దీన్ని నేను తప్ప ఎవరూ రోడ్డెక్కించకూడదయ్యా. నా కారు నేనే నడుపుకుంటాను."

నడిపాడా అంటే నడపలేదు. ఎండలు తగ్గాక అన్నాడు. వానలు వెలిశాక అన్నాడు. రోడ్డు వేశాక అన్నాడు. రోడ్డు వేశారు, తవ్వారు, మళ్లీ వేశారు. కూతురు వచ్చినప్పుడల్లా తగువే. నాలుగుపక్కలా సొట్టలు పడ్డ చిన్నకారు ఆమెది, దాన్నే ఊరంతా తిప్పుతుంది. "కారు కొన్నది ఎక్కడానికా నాన్నా, చూడ్డానికా?" అని అడిగేది. "కిలోమీటరు పెరిగితే విలువ పడిపోతుందమ్మా," అనేవాడాయన. అమ్మే ఉద్దేశం లేని వస్తువుకు విలువ ఎందుకో డ్రైవరుకు ఏనాడూ అర్థం కాలేదు. అడిగే ధైర్యం కూడా చాల్లేదు. ఆ ధైర్యం లేనందుకు తనమీద తనకే ఒళ్లు మండేది.

ఇవాళ చుక్కను తుడవలేదు. తొమ్మిదింటికి పెద్దాయన దిగివచ్చి ఎప్పటిలాగే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని కారువైపు చూస్తున్నాడు. పావుగంట చూసి పైకి వెళ్లిపోవడం ఆయన అలవాటు.

"అయ్యగారూ, ఒకసారి కిందికి వంగి చూడండి."

"నేను వంగితే లేపడానికి ఇద్దరు కావాలి. ఏంటో నువ్వే చెప్పు."

"ఆయిలు కారుతోంది."

"అయితే మెకానిక్‌ని పిలువు. దానికి ముఖం అలా పెట్టడం దేనికి?"

అరికాలి మంట నెత్తికెక్కింది డ్రైవరుకు. చేతిలోని గుడ్డను బల్ల మీదికి విసిరేశాడు.

"పిలిస్తే వాడేం చెప్తాడో నేనే చెప్తాను వినండి. పోయినేడూ చెప్పాడు, మీరే చెవిన పెట్టలేదు. లోపల రబ్బర్లు ఎండిపోయాయి. బండి తిరుగుతుంటే ఆయిలు తగిలి మెత్తగా ఉంటాయి. నిలబెడితే పగులుతాయి. రోజూ అయిదు నిమిషాలు స్టార్టు చెయ్యమన్నారు, చేశాను. అదీ తప్పేనంట. ఇంజను సరిగ్గా వేడెక్కకముందే ఆపేస్తే లోపల చెమ్మ చేరుతుందంట. దీన్ని ఎవరో పాడుచెయ్యలేదు సార్. కాపాడతాం కాపాడతాం అని మనిద్దరమే పాడుచేశాం."

"అరుస్తున్నావేంటయ్యా?"

"అరుస్తున్నాను. ఇరవైఆరేళ్లలో ఒక్కసారి అరవనివ్వండి. ఈ టైరు చూడండి. కొత్త టైరుకుండే రబ్బరు ముళ్లు ఇంకా ఊడలేదు. పక్కన చూస్తే పగుళ్లు. సరిగ్గా తిరక్కుండానే ముసలిదైపోయింది. ఆ స్పీడుబ్రేకరును ఎలా దాటాలో నాకు తెలుసు. ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దించాలి. తొమ్మిదేళ్లుగా తెలుసు. మీరు ఒక్క అవకాశం ఇచ్చారా? బండి నడపడానికి పెట్టుకుని కాపలా ఇచ్చారు నాకు. నేను డ్రైవర్ని సార్. దీన్ని నడిపిస్తే ఉంటాను. లేదంటే తాళం తీసుకుని నన్ను పంపించెయ్యండి."

పెద్దాయన ముఖంలో కోపం వస్తుందని డ్రైవరు ఎదురుచూశాడు, రాలేదు. చాలాసేపు టైరువైపే చూసి, కర్ర ఆనుకుని లేచాడు.

"రేపు పొద్దున్న ఆరింటికి తియ్యి," అన్నాడు.

"ఎండ, వాన, రోడ్డు అని ఏదో ఒకటి చెప్పరు కదా?"

"ఆరింటికి అన్నాను కదయ్యా!" అని విసుక్కుని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

డ్రైవరు అక్కడే నిలబడ్డాడు. సంతోషం రావాలి. కానీ ముందుగా వచ్చింది కోపమే. ఒక్క అరుపుకు అయ్యే పనికి తొమ్మిదేళ్లు నోరు మూసుకున్నాడా తను? వెన్ను నిటారుగా ఉన్న వయసంతా ఈ పలకల మీద ముందుకూ వెనక్కూ జరిపి పారేశాడు.

పదింటికి భార్యకు ఫోను చేశాడు. వెనకనుంచి ఇస్త్రీ యంత్రాల బుసలు వినిపిస్తున్నాయి.

"రేపు బయటికి తీస్తున్నాం," అన్నాడు.

"ఏడంగుళాలా?"

"నిజంగానే. రోడ్డు మీదికి. ఆయనే ఒప్పుకున్నాడు."

"ఎవరు నడుపుతారు? ఆయనా, నువ్వా?" అంది.

ఆ సంగతి అడగలేదని అప్పుడు తట్టింది. "ఆయనే అయ్యుంటాడు. నా కారు నేనే నడుపుతానని పంతం పట్టిన మనిషి కదా," అన్నాడు. "పక్కన కూర్చుని దారి చెప్తాలే."

"పక్కన కూర్చోడానికి ఇంత గొడవ పడ్డావా?" అంది ఆమె. ఎగతాళిగా అనలేదు.

ఫోను పెట్టేసి పనిలో పడ్డాడు. కాలిపంపుతో నాలుగు టైర్లకూ గాలి కొట్టాడు. ఈ టైర్లతో నలభై దాటకూడదు అనుకున్నాడు. బ్రేకు నాలుగుసార్లు తొక్కి చూశాడు. ఆయిలు కొలిచే కడ్డీ తీసి చూసి, తక్కువైనంత పోశాడు. చివర్న గేటు దాటి, ఎండలో వీధి పొడుగునా నడిచాడు. స్పీడుబ్రేకరు దగ్గర గొంతుక్కూర్చుని జానతో ఎత్తు కొలిచాడు. స్కూటరు మీద పోతున్నవాడు ఒకడు ఆగి, ఏమైనా పారేసుకున్నావా అని అడిగాడు. అవునన్నాడు డ్రైవరు.

అక్కడినుంచి పెద్ద రోడ్డుదాకా వెళ్లి, గుంతలెక్కడున్నాయో చూసుకుని, తిరిగి వచ్చేసరికి మూడు దాటింది. గేటు దగ్గర నీడలో బల్ల మీద కూర్చుని భార్య కట్టిచ్చిన డబ్బా విప్పి తిన్నాడు. పెద్దాయన మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు.

నాలుగింటికి టీ పట్టుకుని పైకి వెళ్లిన వంటావిడ, కప్పు అలాగే పట్టుకుని దిగివచ్చింది. టీ మీద మీగడ కట్టింది. ఆ కప్పును ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది.

"లేవట్లేదు తమ్ముడూ," అంది.

డ్రైవరు రెండేసి మెట్లెక్కుతూ వెళ్లాడు. పెద్దాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చెయ్యి చల్లగా ఉంది. డాక్టరు వచ్చి, నిద్రలోనే పోయారని, ఏ బాధా పడి ఉండరని చెప్పాడు. కూతురు సొట్టల కారులో వచ్చింది. బంధువులు వచ్చారు. చెప్పుల గుట్ట పెరిగింది. డ్రైవరు కుర్చీలు వేశాడు, నీళ్లు ఇచ్చాడు, వచ్చినవాళ్ల బండ్లు వీధిలో సర్దించాడు. ఏడుపు రాలేదు. ఆ మనిషి భుజాలు పట్టుకుని ఊపి నిలదీయాలనిపించింది. తొమ్మిదేళ్లు ఆగావు, ఒక్క రాత్రి ఆగలేకపోయావా అని.

పొద్దు వాలుతుండగా కూతురు ఒక్కతే షెడ్డులోకి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. ప్లాస్టిక్ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"బాబాయ్, దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు," అంది. "నాన్న ఎలా ఉంచారో అలాగే ఉండాలి. మీరు రోజూ వచ్చి ఆయనకు చేసినట్టే చేస్తూ ఉండండి. అయిదు నిమిషాలు స్టార్టు చెయ్యండి, ఆరంగుళాలు జరపండి. అంతే."

"తియ్యమని గొడవపడింది నువ్వే కదమ్మా!"

"అప్పుడు ఆయన ఉన్నారు. ఇప్పుడు ఇదొక్కటే ఉంది."

"రేపు పొద్దున్న ఆరింటికి తియ్యమన్నారమ్మా. ఇవాళే, ఇదే కుర్చీలో కూర్చుని చెప్పారు."

ఆమె అతనివైపు జాలిగా చూసింది. కోపంగా చూసినా భరించేవాడు.

"నాన్న అలా అనరు బాబాయ్. ఆయన సంగతి నాకు తెలియదా? మీకు దాన్ని నడపాలని ఎంత ఉందో కూడా తెలుసు. కానీ ఇవాళ ఇలాంటి మాట..." అని ఆగిపోయింది.

అబద్ధం చెప్పావనలేదు. అనకుండానే అంది. డ్రైవరుకు చెవులు వేడెక్కాయి. ఈ అమ్మాయికి క్లచ్చు వదలడం నేర్పినప్పుడు ఎన్నిసార్లు బండి ఆగిపోయినా విసుక్కోలేదు తను. జేబులోంచి తాళం తీసి కుర్చీలో పెట్టాడు.

"ఇక నేను రానమ్మా. ఆరంగుళాలు జరపడానికి డ్రైవరు అక్కర్లేదు. ఎవరైనా జరుపుతారు."

ఆమె ఏదో అనబోయింది. ఇంతలో పైనుంచి ఎవరో పిలిస్తే, తాళం తీసుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. డ్రైవరు ముసుగు విప్పుతూ ముందునుంచి వెనక్కి కప్పడం మొదలుపెట్టాడు. పద్ధతి తప్పకుండా చేస్తున్న తన చేతుల్ని చూస్తే తనకే అసహ్యం వేసింది. సగంలో వదిలేసి తలుపువైపు నడిచాడు. అక్కడ వంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అన్నీ విన్నట్టుంది.

"నువ్వన్నది నిజమే తమ్ముడూ," అంది. "మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయనే బీరువాలోంచి బూట్లు తీసిచ్చారు. కారు కొన్నప్పుడు కొనుక్కున్నవంట. రేపటికి కింద కారు దగ్గర పెట్టమన్నారు. నువ్వు అప్పుడు వీధిలోకి వెళ్లావు. స్టీరింగు ఉన్న తలుపు దగ్గర పెట్టనా అని అడిగాను. 'అటు కాదు, రెండో తలుపు దగ్గర పెట్టు. స్టీరింగు దగ్గర వాడు కూర్చుంటాడు' అన్నారు."

డ్రైవరు వెనక్కి తిరిగాడు. కారు చుట్టూ నడిచి, గోడకూ కారుకూ మధ్యనున్న సందులోకి వెళ్లాడు. అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మాయిగారికి చెప్పనా?" అని అడిగింది వంటావిడ.

"వద్దక్కా," అన్నాడు. "ఆ మాట నాకు చెప్పి చావొచ్చుగా, ముసలాయన!"

సందులోంచి వచ్చి, ఆమె ముఖంలోకి చూడకుండా, గేటు దాటి, స్పీడుబ్రేకరు మీదుగా నడిచి వెళ్లిపోయాడు. వంటావిడ లైట్లు ఆర్పడానికి లోపలికి వచ్చింది. రెండో తలుపు పక్కన, తెల్లటి పలకల మీద, లోపల కుక్కిన కాగితాలు కూడా తీయని ఆ నల్లబూట్లు కారువైపు తిరిగి ఉన్నాయి.