వెదురూ దాని పురుగూ

వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి అని టేకులపల్లిలో ఫారెస్టు గార్డు చెబితే మా నాయిన కాశయ్య పగలబడి నవ్వాడు. "గిది గడ్డయితే గొడ్డలెందుకు సారూ, కొడవలి సాలదా?" అన్నాడు.

దాన్ని తినే పురుగు నువ్వుగింజ కంటే కాస్త పెద్దది, అంతే. బొంగు లోపల చేరి పిండి చేస్తుంది. వెదురు నలభై ఏళ్లు బతుకుతుంది, ఈ పురుగుకు ఏడాదే ఎక్కువ. గెలిచేది మాత్రం పురుగే. ఇదేం న్యాయమో, తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మా గూడెం డోలీ బొంగు మా ఇంట్లోనే ఉండేది, పొయ్యి పైన అటక మీద. రోజూ పొగ తగిలితే పురుగు దరిచేరదు. అమ్మ దగ్గు చూడలేక రెండేళ్ల కిందట గ్యాస్ పొయ్యి తెచ్చింది నేనే. కట్టెల పొయ్యి తీసేశాం, దగ్గు తగ్గింది. అటక మీది బొంగు ఎవరికీ గుర్తు రాలేదు.

మొన్న వానల్లో నా భార్య శ్రీదేవికి నొప్పులు మొదలయ్యాయి. పెళ్లయిన నాలుగేళ్లకు నిలిచిన కడుపు. వాగు పొంగి అంబులెన్స్ అవతలి ఒడ్డునే ఆగిపోయింది. బొంగుకు దుప్పటి కట్టి ఆమెను పడుకోబెట్టాం. ముందు నేను, వెనక నాయిన. ఎత్తుతుంటే నా భుజం మీద పసుప్పచ్చని పిండి రాలింది. అటక దుమ్మే అనుకున్నాను, గాడిదను.

"జర నిమ్మళంగ, మామా," అంది శ్రీదేవి.

"భయపడకు బిడ్డా. ఒడ్డు దగ్గరికొచ్చినం," అన్నాడు నాయిన.

తొడల్లోతు నీళ్లలో బొంగు రెండు ముక్కలైంది. శ్రీదేవి బండల మీద పడింది. అంబులెన్స్ వాళ్లు నీళ్లలోకి దిగి వచ్చి ఆమెను ఒడ్డుకు చేర్చారు. ఆమె బతికింది. బిడ్డ బతకలేదు.

దవాఖానా నుంచి వచ్చిన రోజు గూడెమంతా మా వాకిట్లోనే ఉంది. "గట్టి బొంగు గదా మామా, ఎట్ల పుచ్చింది?" అని అడిగింది శ్రీదేవి. గ్యాస్ పొయ్యి మాట ఎక్కడ వస్తుందోనని నేను జనం వెనక్కి జరిగాను.

నాయిన తల వంచుకున్నాడు. "నాదే తప్పు బిడ్డా. తొందరపడి వెన్నెల దినాలల్ల నరికిన."

వెన్నెల రోజుల్లో నరికిన వెదురుకు పురుగు పడుతుందని మా దగ్గర పసివాళ్లకు కూడా తెలుసు. జీవితమంతా వెదురు పని చేసిన మనిషికి అంతకన్నా పరువు తక్కువ మాట లేదు. శ్రీదేవి ఆయన్ను ఒక్క చూపు చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఆ బొంగు అమావాస్యకు రెండు రోజుల ముందు నరికాం. అడవి నుంచి తెస్తుంటే రెండో కొస మోసింది నేనే. శ్రీదేవి ఆయనతో మాట్లాడి ఐదు నెలలైంది. నేను ఇంకా నోరు విప్పలేదు.